చత్వారపు కండ్లు, చిన్న తెర

ధ్యాన భాగములు: 1 సమూయేలు 3:1-18, లేవీయకాండము 19:14, 32



ఈ నెల మేము ఫోను తెరను గూర్చి వ్రాయవలసి వచ్చినది. దేవుని మాట వ్రాయవలసిన చోట ఫోను మాట ఎందుకని కొందరు అడుగవచ్చును. మా సంఘములో ఒక నిర్దోషియైన బాలుని మీద నింద పడినది. ఆ నిందకు మూలము ఫోను తెర మీద లేత బూడిద రంగులో ఉన్న ఒక చిన్న వాక్యము. ఆ నిందలో మాకు కూడ పాలు ఉన్నది. అందుచేత వ్రాయుచున్నాము.

మా సంఘములో డెబ్బది దాటిన ఒక అవ్వ ఉన్నది. భర్త లేడు. కుమారుడు బెంగళూరులో కట్టడపు పనిలో ఉన్నాడు. మన అనంతపురము మెట్టలలో ఇది ఇంటింటి కథయే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేల మనది. అదియు వేరుశనగ ఊడలు దిగు వేళకు మొగము చాటేయును. బోరు ఎండినప్పుడు పడుచువారు బెంగళూరు బస్సు ఎక్కుదురు, ముసలివారు ఇంటికి కాపలా ఉందురు. మునుపు పోస్టుమాను మనియార్డరు తెచ్చెడివాడు. ఇప్పుడు కుమారుడు పంపిన డబ్బు ఫోనులో వచ్చుచున్నది, మనవరాలి ముఖము ఫోనులోనే కనబడుచున్నది. ఆ అవ్వకు ఫోను విలాస వస్తువు కాదు. కొడుకు ఇంటికి వచ్చు వాకిలి అదియే.

అయితే తెర మీది అక్షరములు ఆమెకు కనబడవు. అంకెలు మాత్రము గుర్తుపట్టును. అందుచేత వీధిలోని ఒక బాలుని పిలిచి చూపించుకొనుచుండెను. ఇంటర్మీడియట్ చదువు బిడ్డ, మా సండే స్కూలులో పెరిగినవాడు. ఆమె పిన్ నెంబరు కూడ అతనికి తెలియును.

గత డిసెంబరు మొదటి వారములో ఆమె బ్యాంకుకు వెళ్ళి పాసుపుస్తకము అచ్చు వేయించుకొనగా, తన లెక్కకు 1044 రూపాయలు తక్కువ వచ్చినది. ఫోను ద్వారా పోయినదని అక్కడ చెప్పిరి. ఆమె నేరుగా మా యొద్దకు వచ్చి, "ఫోను ముట్టేది వాడొక్కడే కదా అయ్యగారూ" అని ఏడ్చినది. మేము ఆ బాలుని పిలిచి అడిగితిమి. నేరము మోపలేదు గాని, మేము అడిగిన తీరులోనే తీర్పు ఉన్నదని ఇప్పుడు తెలియుచున్నది. "నేను తీయలేదు అయ్యగారూ" అన్నాడు. ఆ మాట తప్ప మరి ఏమియు చెప్పలేదు. తరువాత రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

క్రిస్మసు సెలవులకు మా సంఘపు యువకుడొకడు ఊరికి వచ్చెను. బెంగళూరులో ఒక కంపెనీలో ఫోను తెరలకు రూపము ఇచ్చు ఉద్యోగము అతనిది. అవ్వ ఫోను తీసికొని పది నిమిషములు చూచి తల పట్టుకొనెను. మే నెల ఆరంభములో ఆమె ఏదో పాట వినబోయి, ఒక్క రూపాయి మాత్రమే అని చూపు పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కి పిన్ కొట్టినది. ఆ బటన్ క్రింద తెల్లని నేల మీద లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరములతో, అదియు ఇంగ్లీషులో, తరువాత నెలకు 149 రూపాయల చొప్పున తీసికొందుమని ఉన్నది. ఏడు నెలలకు 1043, మొదటి రూపాయితో కలిపి 1044. లెక్క పైసాతో సహా సరిపోయినది.

అబద్ధసాక్ష్యము పలుకకూడదని తొమ్మిదవ ఆజ్ఞ మనకు చిన్ననాటి నుండి కంఠస్థము. చదువరాని అక్షరము కూడ అబద్ధసాక్ష్యము పలుకగలదని ఆ రోజు నేర్చుకొంటిమి. దానిని నమ్మి మేము ఒక బిడ్డను దోషిగా చూచితిమి.

ఇద్దరు ముసలివారు

చూపు మందగించిన ఇద్దరు పెద్దలు పరిశుద్ధ గ్రంథములో ఉన్నారు. ఆదికాండము 27లో ఇస్సాకునకు కండ్లు కనబడవు. వంటకపు వాసన, వస్త్రముల వాసన, చేతి స్పర్శ, అన్నియు ఎవరో ముందుగా అమర్చినవే. స్వరము విని అనుమానించెను గాని, చేతులను తడిమి మోసపోయెను. 1 సమూయేలు 3లో ఏలీకి కూడ కండ్లు మసకబారినవి. అయితే ఆయన దగ్గర సమూయేలు అను బాలుడు ఉండెను. పిలిచినప్పుడెల్ల లేచి పరుగెత్తెను. చెప్పుటకు భయమైన మాటను కూడ దాచక చెప్పెను.

ఫోను తెరకు రూపమిచ్చు ప్రతివాడు ఈ రెండు ఇండ్లలో ఏదో ఒకదానిని కట్టుచున్నాడు. కంటి చూపు తగ్గినవానికి కావలసినదే వాసనగా, స్పర్శగా చూపి, అసలు సంగతిని మరుగుచేయు తెర ఇస్సాకు గుడారము వంటిది. ఉన్నది ఉన్నట్లు చెప్పు తెర సమూయేలు వంటిది.

కన్ను, వ్రేలు, అక్షరము

నలభై దాటిన తరువాత కంటిలోని కటకము బిగిసి, దగ్గరి వస్తువు మీద చూపు నిలువదు. చత్వారమనునది ఇదే. మేము కూడ ఇప్పుడు ప్రసంగపు కాగితమును చేయి చాచి చదువుచున్నాము. ఏండ్లు గడచిన కొలది కటకము పసుపు రంగు తిరుగును, కంటిపాప చిన్నదగును. ఇరువది ఏండ్లవాని కంటి లోపలికి చేరు వెలుగులో అరువది ఏండ్లవానికి సుమారు మూడవ వంతే చేరునని కంటి శాస్త్రము చెప్పుచున్నది. అటుపైన శుక్లము. అటుపైన మన ఎండ. గదిలో కూర్చుని ఇరువది అయిదేండ్ల యువకుడు ముచ్చటపడి వేసిన లేత రంగు అక్షరము, మన ఊరి అరుగు మీద మధ్యాహ్నపు వెలుగులో అవ్వకు ఉత్త తెల్ల కాగితముగా కనబడును.

వ్రేలి సంగతి వేరు. ఈ తెరలు మన చర్మము ద్వారా వచ్చు సన్నని విద్యుత్ ప్రభావమును గుర్తించి పని చేయును. కలుపు తీసి, కాయ పెరికి, కాయలు కట్టి ఎండిపోయిన వ్రేలు నొక్కినను తెరకు కొన్నిసార్లు తెలియదు. అందుచేత ముసలివారు గట్టిగా, ఎక్కువసేపు నొక్కుదురు. ఎక్కువసేపు నొక్కుట ఫోనునకు వేరొక ఆజ్ఞ! ఏదో క్రొత్త పెట్టె తెరచుకొనును. "వేలు పెడితే యాడికో పోతాది నాయనా, మళ్ళా వెనక్కి వచ్చేది తెలీదు" అని అవ్వ చెప్పినది. తప్పు తనదే అనుకొని సిగ్గుపడినది. ఆ సిగ్గు వలన ఫోను ఇతరుల చేతికి పోవును. ఫోనుతోకూడ పిన్ పోవును. పిన్‌తోకూడ నెమ్మది పోవును.

మూడవది మన తెలుగు అక్షరము. ఇంగ్లీషు అక్షరము గీత మీద ఒంటరిగా నిలుచును. మనదానికి పైన తలకట్టు, గుడి, దీర్ఘము, క్రింద వత్తు. గుడికి గుడిదీర్ఘమునకు తేడా ఒక చిన్న మెలిక. ఇంగ్లీషుకు సరిపోవు కొలతలో తెలుగును ఇరికించినయెడల వత్తులు క్రింది వరుస గుడులను తాకును, మ, య ఒకటిగా కనబడును. పైగా మన మాటలు పొడుగు. ఇంగ్లీషు మాటకు కోసిన బటన్‌లో తెలుగు మాట పట్టక, సగము మాట, దాని వెనుక మూడు చుక్కలు మిగులును. కనుక తెలుగు తెరకు అక్షరము పెద్దది కావలెను, వరుసల మధ్య ఎడము ఇంకను ఎక్కువ కావలెను, మాట కొరకు బటన్ పెరుగవలెను గాని బటన్ కొరకు మాట తెగకూడదు.

అరుగు మీద జరిగిన పరీక్ష

పైన చెప్పిన యువకుడు ఆ దినముననే ఊరుకొనలేదు. "మేము ఆఫీసులో చేసే తెరలను మా అవ్వ వయస్సు వాళ్ళకు ఒక్కనాడూ చూపించలేదు అయ్యగారూ" అని నొచ్చుకొనెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, ఆదివారపు వాక్యభాగములు చూపు ఒక చిన్న యాప్ మా సంఘము కొరకు చేసి, జనవరిలో మందిరపు అరుగు మీద ఆరుగురు పెద్దల చేతికి ఇచ్చెను. తాను నోరు విప్పక ప్రక్కన కూర్చుని చూచెను.

మొదటి యాప్ చూచుటకు చక్కగా ఉండెను. ఆరుగురిలో ఒక్కరును పాట తెరువలేకపోయిరి. వెదకుటకు పెట్టిన భూతద్దము గుర్తును చూచి ఒక పెద్దమ్మ, "ఈ గరిటె దేనికప్పా?" అని అడిగినది. మూల ఉన్న మూడు గీతలను ఎవరును బటన్ అనుకొనలేదు. "సమర్పించండి" అను మాట చూచి ఒక పెద్దాయన చందా అడుగుచున్నారని భయపడెను. వచ్చి రెండు క్షణములలో మాయమగు సూచనను చదువుటకు వారు అద్దములు తీసి పెట్టుకొనులోపల అది పోయెను.

అతడు మూడు సార్లు మార్చెను. చివరకు నిలిచినది ఇది. తెల్లని నేల మీద నల్లని పెద్ద అక్షరము. ఒక తెర మీద ఒకే పని. గుర్తులకు బదులు మాటలు: "పాట", "వాక్యము", "వెనుకకు". ప్రతి తెర మీద ఒకే చోట "వెనుకకు". ప్రక్కకు జరుపుట, నొక్కి పట్టుట అవసరము లేదు. ఏదియు తనంతట తాను మాయము కాదు.

అన్నిటికంటె మేలైన మార్పు ఆ పెద్దల నోటి నుండి వచ్చినది. వారు కీర్తనలను పేరుతో వెదకరు, పుస్తకపు నెంబరుతో ఎరుగుదురు. మందిరపు గోడ మీది పలకలో యాభై ఏండ్లుగా నెంబరే చూచుచున్నారు. అందుచేత మొదటి తెర మీద పాత ఫోను వలె పెద్ద అంకెలు పెట్టెను. నెంబరు నొక్కినచో పాట వచ్చును. ఆ రోజు అవ్వ ఎవరి సహాయము లేక పాట తెరచి, అరుగంత వినబడునట్లు ఎత్తుకొన్నది. పెద్దలకు తెలివి లేక కాదు, వారికి తెలిసినదానిని ఎవరును అడుగక.

ఇక్కడ మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. వారపు కూడికల చీటీలను అచ్చు వేయుట మాని, మేము వాట్సాప్‌లో పంపుచుంటిమి. గులాబీ పూల మీద బంగారు రంగు అక్షరములతో అందమైన చిత్రములు. శుక్రవారపు ప్రార్థనకు పెద్దలు తగ్గిరని బాధపడితిమి గాని, వారు చదువలేకపోయిరని తలంచలేదు. ఆ చిత్రమును ఫోను పెద్ద అక్షరములుగా మార్చలేదు, చదివి వినిపించుటయు కష్టమే. ఇప్పుడు సాదా అక్షరములలో పంపి, వెంబడే మా స్వరముతో అర నిమిషము చెప్పి పంపుచున్నాము. చీటీలు కూడ మరల అచ్చు వేయుచున్నాము.

చేయగలవారు చేసిరి

ఇది సాధ్యము కాని పని కాదు. 2003లో వచ్చిన నోకియా 1100 ఫోను చాలామంది ఇంట ఉండెడిది. దుమ్ము చొరని బటన్లు, టార్చి లైటు, అయిదవ అంకె మీద వ్రేలికి తగులు చిన్న బొడిపె. కండ్లు మూసికొని కూడ నెంబరు కొట్టవచ్చును. ప్రపంచమంతట 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. జపాను దేశములో ముసలివారి కొరకే "రాకు-రాకు" అను ఫోనును ఫుజిత్సు కంపెనీ 2001 నుండి చేసినది. ఆ మాటకు అర్థము సులువు సులువని. వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూ3సి సంస్థ, అక్షరమునకు వెనుక రంగునకు మధ్య వెలుగు తేడా కనీసము 4.5కు 1 ఉండవలెనని చెప్పుచున్నది. తెలుపు మీద నలుపు 21కి 1. తాకవలసిన బటన్ సుమారు 9 మిల్లీమీటర్లు ఉండవలెనని ఆండ్రాయిడ్ చేసిన గూగుల్ కంపెనీయే సలహా ఇచ్చుచున్నది. నియమములు ఉన్నవి, పాటించువారు కావలెను.

ఎందుకనగా వాకిళ్ళన్నియు ఫోనులోనికే వచ్చుచున్నవి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము దేశమంతటికి మన నార్పల మండలము బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. తరువాతి ఏండ్లలో కూలి డబ్బు ఖాతాలలో పడసాగెను. రిటైరైన ఉద్యోగులు నవంబరులో ఇచ్చు జీవన ధ్రువపత్రమునకు 2014లో డిజిటల్ పద్ధతి వచ్చినది, 2021 నుండి ఫోనుకు ముఖము చూపియు ఇయ్యవచ్చును. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము వాట్సాప్‌లో "మన మిత్ర" సేవను ప్రారంభించినది. ఇవి మంచివే. ఆఫీసు మెట్లు ఎక్కలేనివారికి మరీ మంచివి. అయితే మెట్లకు బదులు చదువరాని అక్షరము అడ్డుపడినయెడల, ముసలివాడు వెలుపలనే నిలిచిపోవును.

గ్రుడ్డివాని యెదుట అడ్డము పెట్టకూడదని లేవీయకాండము 19:14లో దేవుడు ఆజ్ఞాపించెను. అదే అధ్యాయము 32వ వచనములో తల నెరసినవారి యెదుట లేచి నిలువవలెనని చెప్పెను. ఈ రెండును ఒకే చోట ఉండుట గమనించుడి. హబక్కూకునకు దర్శనము ఇచ్చినప్పుడు, పరుగెత్తువాడు కూడ చదువగలుగునట్లు దానిని తేటగా వ్రాయుమని దేవుడు చెప్పెను. నెహెమ్యా కాలములో లేవీయులు గ్రంథమును స్పష్టముగా చదివి అర్థము చెప్పిరి. గలతీయులకు వ్రాయుచు పౌలు తన అక్షరములు ఎంత పెద్దవో చూడుడని స్వయముగా గుర్తుచేసెను. తేటగా వ్రాయుట అలంకారము కాదు, పొరుగువానిని ప్రేమించుటలో భాగము.

ఈ నెల మీ యింట

యౌవనులారా, మీ ఇంటి పెద్దల ఫోను ఒక సాయంత్రము వారి ప్రక్కన కూర్చుని సరిచేయుడి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోనికి వెళ్ళి అక్షరము కొలత పెంచుడి. వాట్సాప్‌లో చాట్స్ అను చోట కూడ అక్షరము పెంచవచ్చును. యాక్సెసిబిలిటీలో నొక్కి పట్టు సమయమును "ఎక్కువ"కు మార్చుడి, పొరపాటు నొక్కుళ్ళు తగ్గును. మొదటి తెర మీద నాలుగయిదు గుర్తులే ఉంచి, పిల్లల ఫోటోలతో వారి నెంబర్లు పెట్టుడి. డబ్బు పంపు యాప్‌లో ఆటోపే అను చోట చూచి, తెలియక ఒప్పుకొన్నవి ఉన్నయెడల రద్దు చేయుడి. అన్నియు వారికి చెప్పి, వారి చేతనే నొక్కించుడి. మీరు లాగుకొని చేసినది సేవ కాదు.

పెద్దలారా, డబ్బు మీకు వచ్చుటకు పిన్ అక్కరలేదు. పిన్ అడిగిరనగా డబ్బు పోవుచున్నదని అర్థము. మోసము జరిగినచో వెంటనే 1930కు ఫోను చేయుడి. కనబడనిది కనబడలేదని చెప్పుటకు సిగ్గుపడకుడి. తప్పు మీ కండ్లది కాదు.

తెరలకు రూపమిచ్చు పనిలో ఉన్న మా బిడ్డలారా, మీ పని పూర్తియైనదని చెప్పక ముందు ఒక ముసలి చేతికి ఇచ్చి, మౌనముగా ప్రక్కన కూర్చుండుడి. డబ్బు తీయు మాటను, డబ్బు తీయు బటన్ అంత పెద్దగా వ్రాయుడి.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. క్రిస్మసు మరునాడు అవ్వ వేయించిన శనగకాయలు కొంగున కట్టుకొని వాని ఇంటికి నడచి పోయినది. మేము కూడ వెంట పోయి, వాని తల్లిదండ్రుల యెదుట క్షమాపణ అడిగితిమి. వాడు ఆరాధనకు వచ్చుచున్నాడు. అవ్వకు నీళ్ళ బిందె కూడ మోసి పెట్టుచున్నాడు. ఫోను ఇచ్చినయెడల మాత్రము, "నువ్వే నొక్కు అవ్వా, నేను చూస్తా" అని చేతులు వెనుకకు కట్టుకొనును. ఆ చేతులను చూచినప్పుడెల్ల మా మనస్సు నొచ్చుకొనును.

ప్రార్థన: ప్రభువా, చూపు తగ్గినవారికి మమ్మును నమ్మదగిన సమూయేలులనుగా చేయుము. తొందరపడి తీర్చిన తీర్పులను క్షమించుము. మేము వ్రాయు ప్రతి అక్షరము, అది కాగితము మీదనైనను తెర మీదనైనను, తేటగాను సత్యముగాను ఉండునట్లు సహాయము చేయుము. ఆమేన్.